తొలి చిప్‌ట్యూన్ విడుదలకు ఏ పాత యంత్రం? గేమ్‌బాయ్, ఫామికామ్, కమడోర్ 64, మెగా డ్రైవ్ పోలిక

పాత గేమ్ యంత్రాల ధ్వని చిప్‌లతో కట్టే సంగీతం చిప్‌ట్యూన్. దాని కొత్త విడుదలల కింద, ఏ ప్రోగ్రాంతో, ఏ చిప్ మీద చేశారో చెప్పే ఒక పొడి వాక్యం ఉంటుంది: ‘ఎల్ఎస్‌డీజే, ఒకే గేమ్‌బాయ్’, ‘2ఏ03 మాత్రమే, అదనపు చిప్ లేదు’, ‘6581 సిడ్’. తెలిసిన శ్రోతలు పాట మొదలవకముందే దాన్ని చదువుతారు. మూడు నాలుగు గొంతులే (ఒకేసారి మోగే స్వరాలు) ఉన్న చిప్‌తో ఏం పలికించారన్నదే ఈ సంగీతంలో పందెం. మీరూ ఒక పాట విడుదల చేద్దామనుకుంటే ముందు తేల్చుకోవాల్సింది ఆ వాక్యంలో ఏం రాయబోతున్నారన్నది.

చాలామంది చిన్నప్పుడు ఆడుకున్న యంత్రమే వెతికి కొంటారు. అక్కడే దెబ్బ తింటారు. చిప్ ధ్వని నచ్చడం ఒక ఎత్తు. ఆ చిప్ కోసం రాసిన ట్రాకర్ (స్వరాలను వరసల్లో పేర్చి పాట కట్టే ప్రోగ్రాం) ముందు రోజూ గంటసేపు కూర్చోగలగడం రెండో ఎత్తు. వచ్చిన ధ్వనిని గరగర లేకుండా బయటికి తీసి రికార్డు చేయడం మూడోది. కొన్న యంత్రాలు అటకెక్కేది ఎక్కువగా రెండో, మూడో మెట్ల దగ్గరే. అందుకే ఈ పోలికలో ధ్వని కంటే ట్రాకర్‌కూ, అవుట్‌పుట్ జాక్‌కూ ఎక్కువ మార్కులు వేశాం.

తొందరలో ఉన్నవాళ్ళకు: బస్సులో కూర్చునీ చేయాలి, వేదిక మీదా వాయించాలి అంటే గేమ్‌బాయ్. పైసా ఖర్చు పెట్టకముందే పూర్తి పాట చేసి చూసుకోవాలంటే ఫామికామ్. రాగం, గమకం ప్రాణమైతే కమడోర్ 64. ఎఫ్ఎం (ఒక తరంగంతో ఇంకోదాన్ని కదిలించి ధ్వని పుట్టించే పద్ధతి) బేస్, బరువైన డ్రమ్ములు కావాలంటే మెగా డ్రైవ్. ఎటూ తేలకపోతే గేమ్‌బాయ్.

ఏది కొన్నా ముందు రెండు వారాలు ఎమ్యులేటర్‌లో (పాత యంత్రాన్ని కంప్యూటర్‌లో అనుకరించే ప్రోగ్రాం) పనిచేయండి. గేమ్‌బాయ్‌కు సేమ్‌బాయ్, కమడోర్‌కు వైస్ ఉన్నాయి. ఒక్క పాటైనా చివరిదాకా పూర్తికాకపోతే యంత్రం కొన్నంత మాత్రాన పూర్తికాదు.

గేమ్‌బాయ్

1989లో వచ్చిన తొలి బూడిదరంగు గేమ్‌బాయ్‌ని మోడల్ పేరుతో డీఎంజీ అంటారు. చానెళ్ళు నాలుగు: రెండు పల్స్ (చతురస్ర తరంగం), తరంగం ఆకారం మనమే గీసుకునేలా 4 బిట్ల శాంపిళ్ళు 32 పట్టే వేవ్ ఒకటి, డ్రమ్ములకు వాడే నాయిస్ ఒకటి. పల్స్‌కు 12.5, 25, 50, 75 శాతం డ్యూటీలున్నాయి (ప్రతి తరంగంలో పైన ఉండే వంతు) గానీ 75 చెవికి 25 లాగే వినిపిస్తుంది, కాబట్టి నికరంగా మూడు రంగులే. ఒక్కో చానెల్‌ను ఎడమకో, కుడికో, రెండింటికో పంపొచ్చు. కాస్త ఎడమ, కాస్త కుడి అనేది లేదు.

ట్రాకర్లలో పోటీ రెండింటి మధ్యే. స్వీడన్‌కు చెందిన యోహాన్ కోట్లిన్స్కీ రాసిన ఎల్ఎస్‌డీజే 2000 నుంచి ఉంది. జర్మనీకి చెందిన ఒలివర్ విట్‌షో చేసిన నానోలూప్ అంతకంటే పాతది, 1998 నాటిది. నానోలూప్‌లో చిన్న గడుల మీద వేలితో తడుముతూ లూప్ అల్లుకుంటూ పోవాలి. పల్లవి, చరణం ఉన్న పాట కట్టడానికి అది ఇబ్బంది. ఎల్ఎస్‌డీజేలో 16 అడుగుల ఫ్రేజ్, ఫ్రేజులు కలిపితే చెయిన్, చెయిన్లు పేరిస్తే పాట. అంకెలన్నీ హెక్స్‌లో ఉంటాయి, 9 తర్వాత ఏ నుంచి ఎఫ్ దాకా. మొదటి వారం ఇది తలనొప్పి, తర్వాత వేళ్ళే లెక్క చూసుకుంటాయి. విడుదలకు పాట చేయాలనుకునేవాళ్ళకు ఎల్ఎస్‌డీజే మా ఎంపిక. దీని డెమోలో పాట సేవ్ కాదు, అలవాటు పడటానికి మాత్రం చాలు.

కొనేటప్పుడు అందరూ కాలు జారేది క్యాసెట్ దగ్గర. ఎల్ఎస్‌డీజేకు 128 కిలోబైట్ల సేవ్ ర్యామ్ కావాలి. మార్కెట్లో తిరిగే చవక ఫ్లాష్ (మన ఫైలు రాసుకోగల) క్యాసెట్లలో చాలావాటికి ఉండేది 32 కిలోబైట్లే. పెట్టగానే ఎల్ఎస్‌డీజే తెరుచుకుంటుంది, పాట కూడా మోగుతుంది. సేవ్ చేసి మర్నాడు తెరిస్తే చెత్త కనిపిస్తుంది. అమ్మేవాళ్ళను అడగాల్సిన ప్రశ్న ‘ఎల్ఎస్‌డీజే ఆడుతుందా’ కాదు, ‘సేవ్ ర్యామ్ ఎంత’. ఎవర్‌డ్రైవ్ ఎక్స్5, ఎక్స్7 లాంటి మెమరీ కార్డు క్యాసెట్లు ఈ పనికి సరిపోతాయి, పాటల బ్యాకప్ కూడా తేలిక. వీటికి మామూలు క్యాసెట్ కంటే కరెంటు ఎక్కువ కావాలి కాబట్టి సెల్స్ త్వరగా అయిపోతాయి. కార్డు లేని సాదా ఫ్లాష్ క్యాసెట్ తీసుకుంటే దాన్ని కంప్యూటర్‌కు కలిపే రీడర్ కూడా తప్పనిసరి. ఇన్‌సైడ్‌గ్యాడ్జెట్స్ వాళ్ళ జీబీఎక్స్‌కార్ట్ అలాంటిదే. క్యాసెట్‌లోని గుండ్రటి బటన్ సెల్ అయిపోయినా, ఆడుతుండగా క్యాసెట్ కదిలినా పాటలు పోవచ్చు. వారానికోసారి సేవ్ ఫైల్ కాపీ తీయనివాళ్ళు ఏదో ఒకరోజు పాట పోగొట్టుకుంటారు.

ఏ గేమ్‌బాయ్? డీఎంజీలో బేస్ నిండుగా ఉంటుంది, అందుకే దానికి గిరాకీ. 1998 నాటి గేమ్‌బాయ్ కలర్‌లో బేస్ పలచబడుతుంది, కానీ దాని ప్రాసెసర్ రెట్టింపు వేగంతో నడవగలదు, ఎల్ఎస్‌డీజే దాన్ని వాడుకుంటుంది. టేబుళ్ళు (స్వరంతో పాటు నడిచే ఆదేశాల పట్టికలు) బాగా పేర్చిన పాటలు డీఎంజీ మీద ‘టూ బిజీ’ అంటూ మొరాయిస్తే కలర్ మీద హాయిగా సాగుతాయి. కాబట్టి చేయడానికి కలర్, రికార్డింగ్‌కు డీఎంజీ అన్నది పాతకాపుల పద్ధతి. అలా చేసేవాళ్ళు పాటను మధ్యమధ్యలో డీఎంజీ మీద పెట్టి చూసుకోవాలి, లేకపోతే రికార్డింగ్ రోజు మొరాయింపు బయటపడుతుంది. అడ్వాన్స్ ఎస్పీ మడతపెట్టుకోవడానికి బాగుంటుంది గానీ దానికి మామూలు హెడ్‌ఫోన్ జాక్ లేదు. డీఎస్‌లో గేమ్‌బాయ్ క్యాసెట్లు అసలు పనిచేయవు.

పాత డీఎంజీ కొంటే చూడాల్సినవి మూడు. సెల్స్ అరలో తెల్లటి, పచ్చటి తుప్పు ఉందా? తెర మీద నిలువు గీతలు మాయమయ్యాయా? స్విచ్ ముట్టుకుంటే యంత్రం రీసెట్ అవుతోందా? స్విచ్ సమస్యకు ఐసోప్రొపైల్ ఆల్కహాల్ రెండు చుక్కలు వేసి ఇరవై ముప్పై సార్లు అటూ ఇటూ జరిపితే చాలాసార్లు సర్దుకుంటుంది. నిలువు గీతలకు తెర అడుగున ఉన్న రిబ్బన్ మీద సోల్డరింగ్ ఐరన్ వేడి మెల్లగా పాకించాలి. చేయి తిరగనివాళ్ళు ఎక్కువ వేడి పెట్టి ఉన్న గీతలు కూడా పోగొడతారు, కాబట్టి ఈ లోపమున్నది కొనకపోవడం మేలు. కొత్త ఐపీఎస్ తెర బిగించుకుంటే కళ్ళకు సుఖం, చెవులకు కష్టం: సన్నటి ఈల లాంటి రొద ఆడియోలో చేరుతుంది.

ఆడియో కోసం చాలామంది చేయించే మార్పు ప్రోసౌండ్. లోపలి హెడ్‌ఫోన్ యాంప్లిఫయర్‌కు ముందే, వాల్యూమ్ చక్రం దగ్గర ఎడమ, కుడి, గ్రౌండ్ అని మూడు తీగలు టంకం పెట్టి విడి జాక్‌కు తెస్తారు. బేస్ పెరుగుతుంది, గరగర తగ్గుతుంది. చక్రానికి ముందు పాయింట్ల నుంచి తీస్తే వాల్యూమ్ చక్రం ఆ జాక్ మీద పనిచేయదు. రికార్డింగ్‌కు అదే మంచిది, వేదిక మీద మిక్సర్ లేకపోతే కష్టం. వెనక మూత విప్పడానికి మూడు రెక్కల ట్రై-వింగ్ స్క్రూడ్రైవర్ కావాలి. రెండు సగాలనూ కలుపుతూ ఒక రిబ్బన్ ఉంటుంది, మూతను లాగి తెరిచారంటే అది తెగుతుంది. మొదటి పాటకు ఈ మార్పు అవసరం లేదు. నాలుగు పెన్సిల్ సెల్స్ మీద నడిచే యంత్రానికి గోడ కరెంటు హమ్ ఉండదు, గేమ్‌బాయ్‌కున్న అసలు వరం అది.

ఫామికామ్, ఎన్ఈఎస్

1983లో జపాన్‌లో ఫామికామ్, 1985లో అమెరికాలో ఎన్ఈఎస్. రెండింటిలోనూ ఉన్నది రికో తయారీ 2ఏ03: రెండు పల్స్, ఒక ట్రయాంగిల్, ఒక నాయిస్, ఒక బిట్ శాంపిళ్ళను (రికార్డు చేసిన ధ్వని ముక్కలను) మోగించే డీపీసీఎం. ట్రయాంగిల్‌కు వాల్యూమ్ నియంత్రణ లేదు, మోగుతుంది లేదా ఆగుతుంది, అంతే. బేస్‌కు దీన్ని వాడటం రివాజు.

ఇక్కడ లాభం ఏమిటంటే పాట కట్టేది కంప్యూటర్‌లో. ఫామీట్రాకర్ విండోస్‌లో నడుస్తుంది, అడ్డగళ్ళ పద్ధతి. ఫామీస్టూడియో పియానో గళ్ళతో ఉంటుంది, విండోస్, మ్యాక్, లినక్స్‌లో నడుస్తుంది, ఫోన్‌లోనూ ఉంది. రెండూ ఉచితం. ట్రాకర్ అంటే భయపడేవాళ్ళకు ఫామీస్టూడియోనే చెబుతాం. చేసిన పాటను ఎన్ఎస్ఎఫ్ (ఫామికామ్ పాటల) ఫైలుగా తీసి ఎవర్‌డ్రైవ్ ఎన్8 ప్రో లాంటి క్యాసెట్‌లో వేస్తే అసలు యంత్రం మీద మోగుతుంది. అంటే యంత్రం లేకుండానే పాట పూర్తిచేసి, రికార్డింగ్ రోజుకు ఎవరిదైనా అరువు తెచ్చుకోవచ్చు.

ఎమ్యులేటర్‌లో నున్నగా వినిపించి యంత్రం మీద తేడా కొట్టేవి రెండున్నాయి. పల్స్ చానెల్‌లో శ్రుతి విలువ పై భాగం మారినప్పుడల్లా తరంగం మొదటి నుంచి మొదలవుతుంది, వైబ్రాటో ఆ సరిహద్దు దాటితే ‘టిక్’ మంటుంది. ఫామీస్టూడియోలో దీనికి స్మూత్ వైబ్రాటో ఎంపిక ఉంది. రెండోది: డీపీసీఎం స్థాయి పైన ఉన్నంతసేపు ట్రయాంగిల్, నాయిస్ కాస్త నీరసిస్తాయి. డ్రమ్ము శాంపిల్ పడగానే బేస్ తగ్గినట్టు అనిపిస్తే తప్పు మీ మిక్సింగ్‌ది కాదు. శాంపిళ్ళ హద్దులూ గుర్తుంచుకోవాలి: ఒక్కోటి 4081 బైట్లకు మించదు, అత్యధిక నాణ్యతలో అది సెకనుకు కొంచెం తక్కువ. ఫామీట్రాకర్‌లో మొత్తం శాంపిళ్ళకు 16 కిలోబైట్లే.

అదనపు చిప్‌లతో (కొనామీ వీఆర్‌సీ6, నామ్‌కో 163 వగైరా) పాట చేయాలంటే ఫామికామ్ తీసుకోండి. దాని క్యాసెట్ దారిలోనే ఆడియో కలుస్తుంది. ఎన్ఈఎస్‌లో ఆ దారి లేదు, అడుగున ఉన్న ఎక్స్‌పాన్షన్ కనెక్టర్‌లో 47 కిలో ఓమ్‌ల రెసిస్టర్ కలపాలి. తొలి ఫామికామ్‌కు ఆర్ఎఫ్ (టీవీ ఏంటెన్నా దారి) అవుట్‌పుట్ ఒక్కటే, అదీ జపాన్ చానెళ్ళకు. మన టీవీలో పట్టుకోవడం కష్టం. 1993లో వచ్చిన ఏవీ ఫామికామ్ కొంటే ఈ బాధ ఉండదు.

ఇక మన ఇళ్ళలో 90ల్లో తిరిగిన టీవీ గేమ్ డబ్బాల సంగతి. ‘ఇంట్లో పాతది ఒకటుంది, పనికొస్తుందా’ అని అడిగేవాళ్ళు ఎక్కువ. అవి ఫామికామ్ నకళ్ళు. 60 పిన్నుల క్యాసెట్లూ పడతాయి. కానీ చాలా నకళ్ళలో 25 శాతం, 50 శాతం డ్యూటీలు తారుమారై ఉంటాయి, మీరు సన్నగా అనుకున్న గొంతు బొంగురుగా వస్తుంది. మన పాల్ (50 హెర్ట్జ్ టీవీ పద్ధతి) టీవీల కోసం చేసిన రకాలు 50 హెర్ట్జ్ మీద నడుస్తాయి. వీటిలో ప్రాసెసర్ గడియారం అసలు ఫామికామ్‌కు దగ్గరగానే ఉంటుంది కనుక శ్రుతి ఇంచుమించు అదే, సుమారు 16 సెంట్లు తక్కువ (సెంటు అంటే సెమిటోన్‌లో, పక్కపక్క స్వరాల తేడాలో, నూరో వంతు). తాళం మాత్రం ఆరింట అయిదు వంతులకు జారుతుంది. అసలైన పాల్ ఎన్ఈఎస్ వేరు, దాని మీద శ్రుతి కూడా సెమిటోన్‌కు పైగా దిగుతుంది. ఇంట్లో ఉన్న డబ్బాతో పాట చేయడం తప్పేమీ కాదు, అయితే దానికోసమే డ్యూటీలు మార్చి, 50 హెర్ట్జ్‌కు సరిచేసి కట్టాలి. విడుదలలో నకలు యంత్రమని రాయాలి. నిజానికి అలాంటి విడుదల అరుదు కాబట్టి ఆసక్తిగా వినేవాళ్ళు ఉంటారు.

కమడోర్ 64

ఇంటి కంప్యూటర్‌గా 1982లో వచ్చింది. బాబ్ యానెస్ రూపొందించిన సిడ్ చిప్‌లో గొంతులు మూడే. ఒక్కో గొంతుకు సా, ట్రయాంగిల్, పల్స్, నాయిస్. పల్స్ వెడల్పు నిరంతరం మార్చుకోవచ్చు. ఒక గొంతుతో ఇంకోదాని ధ్వనిని మార్చే రింగ్ మాడ్యులేషన్, సింక్, పైన ఒక అనలాగ్ ఫిల్టర్. ఈ నాలుగింటిలో సింథసైజర్ అనదగ్గది ఇదే.

సిడ్‌లో రెండు తరాలు: 12 వోల్టుల 6581, 9 వోల్టుల 8580. ఒకదాని చోట ఇంకొకటి పెట్టకూడదు. 12 వోల్టుల సాకెట్‌లో 8580 పెడితే చిప్ పోతుంది. ఫిల్టర్ కెపాసిటర్లు కూడా వేరు, పాతదానికి 470 పీకోఫారడ్లు, కొత్తదానికి 22 నానోఫారడ్లు. 6581 ఫిల్టర్ చిప్‌కో తీరుగా పలుకుతుంది, ఒకరి యంత్రం మీద ముద్దుగా మూలిగిన బేస్ ఇంకొకరి దాని మీద మూగబోవచ్చు. 8580లు ఒకదాన్నొకటి పోలి ఉంటాయి. పాటను రికార్డింగ్‌గా విడుదల చేస్తే 6581 వాడండి, ఆ కరుకుదనం వేరే ఎక్కడా రాదు. వినేవాళ్ళ యంత్రమే మోగించుకునే సిడ్ ఫైలుగా పంచుకుంటే 8580కి చేయడం తెలివైన పని.

ట్రాకర్లు: కంప్యూటర్‌లో చేయాలంటే గోట్‌ట్రాకర్, కమడోర్ మీదే చేయాలంటే సిడ్-విజార్డ్. 50 హెర్ట్జ్ యంత్రంలో స్పీడ్ (ఒక వరస ఎన్ని తెర ఫ్రేముల సేపు ఉంటుందో ఆ అంకె) 6 అంటే నిమిషానికి 125 బీట్లు, స్పీడ్ 5 అంటే 150. మధ్యలో కావాలంటే ఒక వరస 5, ఒక వరస 6 అని మార్చిమార్చి వేస్తారు, దానితో వచ్చే కుంటి నడక కొన్ని పాటలకు అందమే.

దీని ప్రాణాంతక శత్రువు దాని సొంత అడాప్టరే. పాత దిమ్మె అడాప్టర్ లోపల రెగ్యులేటర్ చెడితే 5 వోల్టుల లైను పెరిగిపోయి ర్యామ్ చిప్‌లను కాల్చేస్తుంది. లోపల రెసిన్ పోసి మూసేస్తారు కనుక బాగుచేయడానికీ వీల్లేదు. మల్టీమీటర్‌తో కొలిచి 5.25 దాటితే పక్కన పడేయండి. ఈరోజు సరిగ్గా చూపించినా రేపు చూపిస్తుందన్న భరోసా లేదు, కాబట్టి కొత్తగా తయారైనది కొనడమే దారి. యూరప్ నుంచి తెప్పిస్తే ఒక లాభముంది: 230 వోల్టులు, పాల్ రెండూ మన దగ్గరి లెక్కే, ట్రాన్స్‌ఫార్మర్ గొడవ లేదు.

రికార్డింగ్‌లో వీడియో చిప్ రొద వినిపిస్తుంది. ఆడియో వీడియో సాకెట్‌లో 5వ పిన్ సిడ్‌లోకి వెళ్ళే ఆడియో ఇన్‌పుట్. అది గాలిలో వేలాడుతుంటే ఏంటెన్నాలా రొదను లాగుతుంది. దాన్ని గ్రౌండ్ పిన్‌కు కలిపిన కేబుల్ చేయించుకోండి. పాట మోగుతున్నప్పుడు తెరను ఖాళీ చేస్తే (బేసిక్‌లో పోక్ 53265,11) ఇంకొంత తగ్గుతుంది.

మెగా డ్రైవ్

1988 నాటిది, అమెరికాలో పేరు జెనెసిస్. ఆరు ఎఫ్ఎం చానెళ్ళ వైఎం2612తో పాటు మూడు స్క్వేర్లు, ఒక నాయిస్ ఉన్న పీఎస్‌జీ. డ్రమ్ము శాంపిళ్ళు వాడితే ఆరో ఎఫ్ఎం చానెల్ వాటికే పోతుంది, మీకు మిగిలేవి అయిదు. ట్రాకర్‌గా ఫర్నేస్ చాలు. ఉచితం, చురుగ్గా మెరుగవుతోంది, వీజీఎం (చిప్ మీద మోగే పాటల) ఫైలు తీస్తుంది. కష్టం ట్రాకర్‌లో లేదు. నాలుగు ఆపరేటర్ల (ఒకదాన్నొకటి కదిలించే తరంగాల) ఎఫ్ఎం గొంతును మొదటి నుంచి కట్టడానికి నెలల సాధన కావాలి. సిద్ధంగా ఉన్న గొంతులతో నెట్టుకొస్తే పాట పది పాటల్లో ఒకటిలా ఉంటుంది. అందుకే తొలి విడుదలకు దీన్ని సిఫార్సు చేయం.

కొనేవాళ్ళు మాత్రం మోడల్ 1 తీసుకోండి. అమెరికా మోడల్ అయితే పై మూత మీద ‘హై డెఫినిషన్ గ్రాఫిక్స్’ అని రాసి ఉన్నది చూసుకోవాలి. ఆ రాత లేని చివరి మోడల్ 1, మోడల్ 2లో కొన్ని బోర్డులు ధ్వనిని మసకబారుస్తాయి. మోడల్ 1 వెనక ఏవీ సాకెట్‌లో వచ్చేది మోనో, స్టీరియో కావాలంటే ముందున్న హెడ్‌ఫోన్ జాకే గతి. దాని వాల్యూమ్ జారుడు మీట దుమ్ము పట్టి గరగరలాడుతుంది, ముందే శుభ్రం చేయించండి.

గమకం, శ్రుతి, తాళం

ఇంతవరకూ చెప్పినవి ఎక్కడివాళ్ళకైనా పనికొస్తాయి. తెలుగు పాట వరస చిప్ మీద పెట్టాలనుకునేవాళ్ళకు ఇంకో కొలమానం ఉంది: స్వరం నుంచి స్వరానికి ఎంత నున్నగా జారగలదు? జవాబు చిప్ రిజిస్టర్‌లో (శ్రుతి అంకె ఉంచుకునే చోటులో) ఉంటుంది.

గేమ్‌బాయ్ పల్స్ పౌనఃపున్యం 131072ను 2048 లోపు ఒక పూర్ణాంకంతో భాగిస్తే వచ్చేది. 440 హెర్ట్జ్ దగ్గర ఒక మెట్టుకూ పక్క మెట్టుకూ తేడా సుమారు 6 సెంట్లు, అది చెవికి ఆనదు. 880 దగ్గర 12. 1760 దగ్గర 23, అంటే సెమిటోన్‌లో దాదాపు నాలుగో వంతు. అక్కడ గమకం జారదు, మెట్లు దిగుతుంది. ఫామికామ్‌దీ ఇంచుమించు ఇదే కథ. సిడ్‌కు 16 బిట్ల రిజిస్టర్ ఉంది. పాల్ యంత్రంలో మెట్టు 0.06 హెర్ట్జ్ కంటే తక్కువ, 440 దగ్గర పావు సెంటు కూడా కాదు. మెగా డ్రైవ్ ఎఫ్ఎం రెండింటి మధ్య, సుమారు ఒకటి నుంచి మూడు సెంట్లు. కాబట్టి కాంభోజిలాంటి రాగాన్ని ఆలాపనలా సాగదీయాలంటే సిడ్‌కు సాటి లేదు. గేమ్‌బాయ్ మీదే చేయాలంటే ప్రధాన వరసను 880 హెర్ట్జ్ లోపు ఉంచి, ఎల్ఎస్‌డీజేలో ఎల్ కమాండ్‌తో జారించండి, కంపితానికి వీ వాడండి.

కింది హద్దులూ చూసుకోవాలి. గేమ్‌బాయ్ పల్స్ 64 హెర్ట్జ్ కిందికి దిగదు, వేవ్ చానెల్ 32 దాకా వెళ్తుంది. ఫామికామ్ ట్రయాంగిల్ ఇంకా కిందికి, 27 దాకా. మెగా డ్రైవ్ పీఎస్‌జీ 109 దగ్గరే ఆగిపోతుంది, దానితో బేస్ ఆశించకండి. తంబురా శ్రుతి నిరంతరం పెట్టాలంటే నాలుగు చానెళ్ళలో ఒకటి దానికే బలవుతుంది. మూడు గొంతుల సిడ్‌లో అది మరీ ఖరీదు. డ్రమ్ము పడే అడుగుల్లో శ్రుతిని ఆపేసి మళ్ళీ ఎత్తుకుంటే చెవి ఆ ఖాళీని గమనించదు, ఒకే చానెల్ రెండు పనులు చేస్తుంది.

తాళానికి అన్ని ట్రాకర్లూ 16 అడుగులను మనసులో పెట్టుకుని చేసినవే, కాబట్టి ఆది తాళం అలవోకగా కూర్చుంటుంది. మిశ్ర చాపుకు ఎల్ఎస్‌డీజే ఫ్రేజ్‌లో ‘ఈ’ వరస దగ్గర హెచ్ కమాండ్ వేస్తే 14 అడుగులకు ఫ్రేజ్ ముగుస్తుంది. ఖండ చాపుకు ‘ఏ’ వరస దగ్గర. నాలుగు చానెళ్ళలోనూ వేయాలి, ఒక్కటి మరిచినా రెండో ఆవర్తనానికే చానెళ్ళు విడిపోతాయి. ఫామీట్రాకర్‌లో ఇదే పనికి డీ00.

కరెంటు

జపాన్ అడాప్టర్ 100 వోల్టులది, అమెరికాది 120. మన 230 వోల్టుల ప్లగ్‌లో నేరుగా పెడితే పొగ ఖాయం. స్టెప్-డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కంటే ఇక్కడి అడాప్టరే వెతకడం చవక. ఫామికామ్‌కు 10 వోల్టుల డీసీ, 850 మిల్లీఆంపియర్లు, ప్లగ్ మధ్య భాగం రుణం. 9 వోల్టులది కూడా నడుస్తుంది. మెగా డ్రైవ్ మోడల్ 1కూ మధ్య రుణమే. బజారులో దొరికే మామూలు అడాప్టర్లలో ఎక్కువ శాతం మధ్య ధనం, మల్టీమీటర్‌తో చూడకుండా పెట్టకండి. గిటార్ పెడళ్ళ 9 వోల్టుల అడాప్టర్ కూడా మధ్య రుణమే గానీ చాలావాటిలో కరెంటు చాలదు, 1 ఆంపియర్ ఉన్నదే తీసుకోవాలి. అన్నిటికంటే పెద్ద ప్రమాదం: ఎన్ఈఎస్ అడాప్టర్ ఇచ్చేది 9 వోల్టుల ఏసీ. ఎన్ఈఎస్ లోపల రెక్టిఫయర్ ఉంది, ఫామికామ్‌లో లేదు. ఎన్ఈఎస్ అడాప్టర్‌ను ఫామికామ్‌కు పెట్టడం దాన్ని చేతులారా చంపుకోవడం.

కొత్త యంత్రాల మాట

అనలాగ్ పాకెట్ (2021), మోడ్‌రెట్రో క్రొమాటిక్ (2024) అసలు గేమ్‌బాయ్ క్యాసెట్లను తీసుకుంటాయి. పాకెట్‌లో నానోలూప్ లోపలే ఉంది. 2025లో ప్రకటించిన కమడోర్ 64 అల్టిమేట్ కూడా ఈ కోవదే. ఇవన్నీ ఎఫ్‌పీజీఏ (లోపలి సర్క్యూట్‌ను మనకు కావాల్సినట్టు అమర్చుకోగల చిప్) మీద పాత చిప్‌ను తిరిగి కట్టినవి. తెర, కరెంటు, తుప్పు బాధలు ఉండవు. పాట చేయడానికి నిక్షేపంగా వాడుకోండి. విడుదల వాక్యంలో మాత్రం ‘డీఎంజీ’ అని రాయకండి, వినేవాళ్ళు పట్టేస్తారు.

రికార్డింగ్, విడుదల

24 బిట్లు, 48 కిలోహెర్ట్జ్. పాటలో అతి పెద్ద చోటు మైనస్ 6 డెసిబెల్స్ దగ్గర ఉండాలి. మైక్ ఇన్‌పుట్‌లో కాదు, లైన్ ఇన్‌పుట్‌లో పెట్టండి. గోడ కరెంటు మీద నడిచే యంత్రంతో హమ్ వస్తే ముందు ల్యాప్‌టాప్ చార్జర్ తీసి చూడండి, చాలాసార్లు దోషి అదే. అప్పటికీ పోకపోతే ఆడియో ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్.

గేమ్‌బాయ్ చానెళ్ళను విడివిడిగా తీయాలనుకుంటే ఎల్ఎస్‌డీజే సాంగ్ తెర మీద చానెల్ మీదికెళ్ళి బీ, స్టార్ట్ కలిపి నొక్కితే అది ఒక్కటే మోగుతుంది. ఇలా నాలుగు సార్లు. ప్రతి విడతకూ మొదట్లో ఒక పొట్టి క్లిక్ పెడితే తర్వాత వరస కలపడం తేలిక. యంత్రం గడియారం స్ఫటికం మీద నడుస్తుంది కాబట్టి పాట మధ్యలో పక్కకు జారదు. అయితే నాలుగు విడతల గరగరా కలుస్తుంది, ఖాళీ చోట్లు కత్తిరించుకోవాలి. తొలి పాటకు ఒకే విడతలో స్టీరియోగా తీయడమే మా సలహా. చానెళ్ళ సమతూకం ట్రాకర్‌లోనే సరిచేసుకోవడం నేర్పుతుంది.

25 హెర్ట్జ్ కిందిది కోసే హై-పాస్ ఫిల్టర్ వేసి, అంతకుమించి పెద్దగా ముట్టుకోకండి. కంప్రెసర్ (పెద్ద, చిన్న ధ్వనుల తేడా తగ్గించేది) బిగిస్తే నాయిస్ చానెల్ ముందుకొచ్చి పాటను మింగేస్తుంది. మాస్టర్‌ను ఎంపీ3గా ఉంచుకోవద్దు, తక్కువ బిట్‌రేటులో నాయిస్ డ్రమ్ములు నీళ్ళలో మునిగినట్టు వినిపిస్తాయి. నాణ్యత పోని ఫ్లాక్‌గా ఇవ్వండి.

రికార్డింగ్‌తో పాటు అసలు ఫైలు కూడా ఇస్తే (ఎన్ఎస్ఎఫ్, సిడ్, వీజీఎం) తమ యంత్రం మీద మోగించుకునేవాళ్ళుంటారు. గేమ్‌బాయ్ పాటైతే ఎల్ఎస్‌డీజే వెర్షన్ నంబరు తప్పక రాయండి: కొత్త వెర్షన్‌లో సేవ్ చేసిన పాట పాత వెర్షన్‌లో తెరుచుకోకపోవచ్చు. మీ దగ్గర కూడా సేవ్ ఫైల్, దాన్ని చేసిన రోమ్ (ఎల్ఎస్‌డీజే ప్రోగ్రాం ఫైలు), రెండూ ఒకే ఫోల్డర్‌లో, పేరులో తేదీతో ఉండాలి.